పాట మధ్యలో ఖాళీ

మా వదినకు ఆగడం రాదు. ఆడపడుచుగా నేను చేయదగ్గ ఫిర్యాదులు వేరే చాలా ఉన్నాయి గానీ, ఇది మాత్రం ఊరందరికీ తెలిసిన సంగతి. తొమ్మిదింటి బస్సుకు ఎనిమిదింటికే వెళ్ళి నిలబడుతుంది. తలుపు కొట్టేలోపే తీస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేదాకా అక్కడ నిలబడలేక పక్కగదిలోకి వెళ్ళి ఏదో సర్దుతుంది, ఈలోగా పాలు పొంగిపోతాయి. కూర్చున్నా కుడికాలు ఊగుతూనే ఉంటుంది. ఎదుటి మనిషి మాట మొదలుపెడితే చాలు, మిగతాది ఆవిడే చెప్పేస్తుంది.

ఈ గుణం వల్లే ఉద్యోగంలో మంచి పేరు తెచ్చుకుంది. బస్టాండులో టికెట్ల కౌంటరు ఆవిడది. అద్దానికి చేసిన గుండ్రటి కంతలోంచి ప్రయాణికుడు ఊరి పేరు సగం పలికేసరికి మిషన్ లోంచి టికెట్టు బయటికొచ్చి ఉంటుంది. వేలికి రబ్బరు తొడుగు, ముందు చిల్లర పళ్ళెం, పక్కన కాగితపు చుట్ట, ఏది ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్తుంది. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా జనం ఆవిడ క్యూలోనే నిలబడతారు. తోటివాళ్ళు ఎక్స్‌ప్రెస్ అని పిలుస్తారు. ఎప్పుడైనా ఎవరో ఒకరు ఎటో వెళ్ళాల్సింది ఎటో వెళ్ళే ఉంటారు. వాళ్ళు తిరిగొచ్చి పోట్లాడేసరికి ఎక్స్‌ప్రెస్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసి ఉంటుంది.

ఇంట్లో క్యూ లేదని ఎవరు చెప్పాలి? మా అన్నయ్య నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. పెళ్ళయిన కొత్తల్లో బాగానే మాట్లాడేవాడు. "ఇవాళ షాపులో" అని ఆయన అంటే చాలు, మోటారు కాలిపోయి ఉంటుంది, వైరు మార్చి ఉంటావు, మోటారు తెచ్చినవాడు మళ్ళీ తిట్టుకుంటూ వెళ్ళుంటాడు అని వదినే ముగించేది. చాలాసార్లు అంతే జరిగి ఉండేది. కొన్నేళ్ళకు ఆయనకు చెప్పడానికేమీ మిగల్లేదు. ఇప్పుడు తల ఊపుతాడు, నవ్వుతాడు, అన్నం తిని పడుకుంటాడు. ఆయనకు అందులో సుఖముంది. చిట్టికి లేదు.

చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పటి నుంచి నత్తి. మాట మొదట్లో పట్టేస్తుంది. గొంతు బిగుసుకుంటుంది, కనురెప్పలు టపటపా కొట్టుకుంటాయి, కాసేపటికి మాట బయటపడుతుంది. బయటపడ్డాక ఆ పిల్ల మాటలు వినాల్సిందే, అంత చమత్కారం. ఆ కాసేపు ఊరుకుంటే చాలు. మా వదిన దగ్గర లేనిది ఆ కాసేపే. పిల్ల అవస్థ చూడలేక మాట అందించేది. ఎక్కిళ్ళు వస్తున్నవాళ్ళకు మంచినీళ్ళు అందించినట్టు అనుకునేది పాపం. దాని నోటి దగ్గర ముద్ద లాక్కుంటున్నానని ఆవిడకు ఎప్పుడూ తోచలేదు.

నేను అదే ఇంట్లో పై వాటాలో ఉంటాను. దర్జీ షాపులకు కాజాలు, గుండీలు కుట్టి ఇస్తాను. చిట్టి నా దగ్గర గంటలకొద్దీ కబుర్లు చెబుతుంది. నాకేదో ఓపిక ఎక్కువని జనం అనుకుంటారు గానీ, నాకున్నది బద్ధకం. పైగా ఎప్పుడూ పళ్ళ మధ్య దారం ఉంటుంది, మధ్యలో మాట్లాడాలంటే అది తియ్యాలి. ఆ పిల్లకు అంతే చాలు.

పోయినేడాది అన్నయ్య షాపు పక్కగదిలోకి కూడా పెంచినప్పుడు చుట్టాలను భోజనానికి పిలిచాడు. భోజనాలయ్యాక చిట్టి అందరి ముందూ ఒక సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నలుగురిలో అది నోరు విప్పడమే అపురూపం. వాళ్ళ స్కూల్లో ప్రిన్సిపాల్ గారు సాయంత్రం తన గదిలో కునుకు తీస్తుంటే, వాచ్‌మన్ చూసుకోకుండా గేటుకు తాళం వేసి ఇంటికెళ్ళిపోయాడు. ఆయన లేచి వాచ్‌మన్‌కు ఫోన్ చేశాడు, నేను ప్రిన్సిపాల్‌ని, లోపల ఉండిపోయాను, వచ్చి తాళం తియ్యమన్నాడు. వాచ్‌మన్ నమ్మలేదు. ఎవడో ఆకతాయి అనుకుని ఆయన్ని చెడామడా తిట్టాడు. అక్కడిదాకా చిట్టి ఒక్కో మాటా కూడగట్టుకుంటూ వచ్చింది. అందరూ దాని మొహంలోకే చూస్తున్నారు. ఆఖరి మాట దగ్గర గొంతు పట్టేసింది. అది కళ్ళు మూసుకుని ఆ మాట కోసం పెనుగులాడుతుంటే, వదిన చేతిలో గిన్నెలతో వంటింటి గుమ్మంలోంచి, "రేపు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారితో చెప్తా నీ సంగతి, అన్నాడట" అనేసింది.

ఇల్లంతా గొల్లున నవ్వింది. చిట్టి లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం మానేసింది. పోట్లాట లేదు, ఏడుపు లేదు. పక్కగదిలోంచి ఫోన్లో మెసేజీలు పెట్టేది. "అన్నం వద్దు." "నా నీలం చున్నీ ఎక్కడ?" "వస్తున్నా." వదిన మొదట్లో నవ్వింది, తర్వాత కోప్పడింది, ఆ తర్వాత నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడుపు కూడా ఆవిడకు త్వరగానే అయిపోతుంది, కానీ ఆ రోజు చాలాసేపు కూర్చుంది. పిల్ల గొంతు విని ఎన్నాళ్ళైందో అంది. నువ్వు విన్నదెప్పుడు వదినా అని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య దారం ఉండబట్టి బతికిపోయాను.

చిట్టికి ఫోన్లో ఒక ఆట ఉంది. పాట వస్తుంటే తెర పై నుంచి రంగు బిళ్ళలు నాలుగు వరసల్లో కిందికి జారుతుంటాయి. అడుగున ఒక గీత ఉంటుంది. బిళ్ళ ఆ గీతను తాకినప్పుడు, పాటలో దెబ్బ పడినప్పుడు, సరిగ్గా అప్పుడు వేలితో కొట్టాలి. తొందరపడితే ఎర్లీ అని పడుతుంది, ఆలస్యమైతే లేట్ అని, అసలు కొట్టకపోతే మిస్ అని. చిట్టి అందులో సిద్ధహస్తురాలు. దాని వేళ్ళు ఎక్కడా తడబడవు. ఒకరోజు సోఫా వెనక నిలబడి చూసి చూసి, నాకూ నేర్పవే అంది వదిన. చిట్టి టైపు చేసి చూపించింది: "నీవల్ల కాదు."

మా వదిన ఒంటికాలి మీద లేచింది. రోజుకు వేలమందికి టికెట్లు కొట్టే చేతులకు నాలుగు బిళ్ళలు లెక్కా అంది. తన ఫోన్లోనూ ఆ ఆట పెట్టుకుని, అన్నిటికంటే కష్టమైన పాటే ఎంచుకుని, మధ్యాహ్నం భోజనం వేళ కౌంటరు మూసి మరీ ఆడింది. పాట అయ్యేసరికి తెర నిండా ఎర్లీలే. వందలకొద్దీ ఎర్లీలు, ఒక్క లేట్ లేదు. ఫోన్ పాడైందంది. చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ ముక్కల్లో పాట వెనకబడి వినిపిస్తోందంది. చిట్టి తన వైరున్నవి తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. వాటితో ఆడినా ఎర్లీలే. పుట్టి బుద్ధెరిగాక వదినకు ఆ మాట మొహం మీద చెప్పినవాళ్ళు లేరు. ఆట ప్రతి వేలిదెబ్బకూ చెప్పింది.

ఇలా ఉండగా చిట్టికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళకు, ఎముకలు విరిగినవాళ్ళకు కసరత్తులు చేయించి మళ్ళీ నడిపించే పని నేర్పే కోర్సది. ఫిజియోథెరపీ అసిస్టెంట్ అంటారు. అది రెండేళ్ళుగా ఆ కోర్సు మీదే మనసు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు తోడు రావాలట. వదిన ఆ క్షణమే సెలవు పెట్టేసింది. దాని బదులు తనే అన్నీ చెబుతానంది. ఏమేం చెప్పాలో కూర గరిటె తిప్పుతూ వల్లె వేయడం మొదలుపెట్టింది. చిట్టి నా దగ్గరికొచ్చి, నువ్వు రా అత్తా అంది. నేను సరేనన్నాను. కొత్త చెప్పులు కూడా కొనుక్కున్నాను, దాచడమెందుకు.

ఈ సంగతి తెలిసి వదిన మొహం మాడిపోయింది. కన్నతల్లి ఉండగా మేనత్త వెళ్ళడమేమిటంది. వారం రోజులు ఇల్లంతా కాలుకాలిన పిల్లిలా తిరిగింది. చివరికి పక్కగదిలోంచి మెసేజీ వచ్చింది: "ఆ పాట ఒక్క ఎర్లీ లేకుండా ఆడు. నువ్వే రా. లేదంటే అత్త." వదిన నాకు చూపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా చెప్పులకు డోకా లేదనుకున్నాను.

ఆ నెల రోజులూ ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చింది. వదిన పొద్దున పళ్ళు తోముకుంటూ ఒక చేత్తో కొట్టేది. బస్సులో కొట్టేది. ఫోన్ లేనప్పుడు కంచం అంచు మీద, అన్నయ్య భుజం మీద కొట్టేది. ఆయన కిక్కురుమనలేదు. ఆడటానికి ఆవిడకొక పద్ధతి ఉండేది. ఒక్క ఎర్లీ పడగానే ఛీ అని పాట ఆపి మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ ఎర్లీ, మళ్ళీ మొదటి నుంచి. పాట మొదలు మా వీధిలో కుక్కలకు కూడా కంఠతా వచ్చింది. రెండో సగంలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఊపిరి బిగబట్టి, అద్దం పగిలేలా పొడిచేది. సాయంత్రానికి వేళ్ళు వాచేవి, మర్నాడు ఇంకా ఘోరంగా ఆడేది.

చూసి చూసి చిట్టే దిగొచ్చింది. మాట్లాడలేదు గానీ పక్కన వచ్చి కూర్చుంది. ముందు ఆ మళ్ళీ మొదలుపెట్టే మీట మీద చిన్న కాగితం ముక్క అంటించింది. ఎన్ని తప్పులు వచ్చినా చివరిదాకా వెళ్ళాల్సిందే. తర్వాత పాట వేగం సగానికి తగ్గించింది. వదిన గిలగిల్లాడింది, ఇంత నత్తనడకన ఎవరాడతారంది. చిట్టి చూసిన చూపుకు నోరు మూసుకుంది. బాగా ఆడిన మరుక్షణం ఫోన్ లాక్కుని ఇవాళ్టికి చాలని సైగ చేసేది. అదొక్కటీ వదిన తట్టుకోలేకపోయింది. చేతులు బాగా నడుస్తున్నప్పుడు ఆపడమేమిటని నాతో వాపోయింది. బాగా ఆడిన చెయ్యినే నిద్రపుచ్చాలట, అలిసిపోయి తప్పులు కొట్టిన చేత్తో పడుకోకూడదట. చిట్టి ఇదంతా నాకు చెప్పింది, నేను కిందికి మోశాను. చేతిలో ఫోన్లు పెట్టుకుని ఇద్దరూ నన్ను పోస్ట్‌మన్ని చేశారు.

చివరిదాకా వెళ్ళాక గానీ అసలు సంగతి బయటపడలేదు. బిళ్ళలు వర్షంలా కురిసే చోట వదినకు ఇబ్బందే లేదు. అక్కడ ఆవిడ వేళ్ళు కౌంటర్లో ఉన్నట్టే పరిగెత్తేవి. చిక్కంతా రెండో సగంలో ఒకచోట ఉంది. అక్కడ పాట ఉన్నట్టుండి ఆగిపోతుంది. వాయిద్యాలు లేవు, గొంతు లేదు. తెర ఖాళీ. కాసేపటికి పై నుంచి ఒకే ఒక్క బిళ్ళ, నింపాదిగా దిగుతుంది. ఆ ఖాళీలో వదిన ఉండలేకపోయేది. బిళ్ళ సగం దారిలో ఉండగానే కొట్టేసేది. కొన్నిసార్లు అసలు బిళ్ళ కనిపించకముందే కొట్టేసేది.

మిగతా పాటంతా పక్కన పెట్టించి చిట్టి ఆ ముక్క ఒక్కటే ఆడించింది. రోజూ కౌంటరు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, వంట మొదలుపెట్టే ముందు, ఆ ఖాళీ మాత్రమే. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి కిందికి వెళ్ళి నేను కళ్ళారా చూశాను. వదిన నుదుటి మీద చెమట. వేలు అద్దానికి అంగుళం దూరంలో ఉంది. కొట్టేసింది. ఎర్లీ. ఫోన్ సోఫాలోకి విసిరేసి, ఎందుకు కొడతానో నాకే తెలీదు, తప్పిపోతుందేమోనని గుండె దడదడలాడుతుంది, నేను కొట్టకపోతే ఇంకెవరు కొడతారు అనిపిస్తుంది అంది. ఆ మాట నాతో అంది గానీ, చూస్తున్నది పిల్లను.

చిట్టి చాలాసేపు ఫోన్ వైపే చూసింది. తర్వాత దాని గొంతు బిగిసింది. మెసేజీ పెడుతుందనుకున్నాను. పెట్టలేదు.

"అ... అది దానంతటదే వస్తుందమ్మా" అంది.

వదిన నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఏడాది తర్వాత విన్న మాట. ఆ ఒక్కటే, మర్నాటి నుంచి మళ్ళీ మెసేజీలే. కానీ ఆ క్షణాన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది వదిన. నాకు కోపమొచ్చింది, ఎందుకొచ్చిందో చెప్పలేను. ఆ పిల్ల నాతో రోజూ మాట్లాడుతుంది, నేనెప్పుడూ ఎవరి చెయ్యీ అలా పట్టుకోలేదు.

ఇంటర్వ్యూ ముందు సాయంత్రం వదిన పాట మొత్తం ఆడింది. అన్నయ్య కూడా షాపు మూసొచ్చి నిలబడ్డాడు. మొదటి సగం గడిచింది. వర్షం గడిచింది. పాట ఆగింది, తెర ఖాళీ అయింది. వదిన కుడికాలు ఊగుతోంది, పెదవి కొరుక్కుంటోంది, వేలు మాత్రం కదల్లేదు. బిళ్ళ దిగింది, గీత దగ్గరికొచ్చింది, గీత దాటబోయింది. అప్పుడు కొట్టింది. లేట్ అని పడింది. పాట అయిపోయింది. ఎర్లీలు లేవు. లేట్ ఒకటి. వదిన పుట్టాక దేనికైనా ఆలస్యమవడం అదే మొదలు.

అన్నయ్య గొంతు సవరించుకుని, పందెంలో లేట్ గురించి ఏమీ అనలేదుగా అన్నాడు. మధ్యలో ఎవరూ అందుకోకపోయేసరికి వాక్యం మొత్తం పూర్తయింది. ఆయనే ఆశ్చర్యపోయాడు. చిట్టి పగలబడి నవ్వింది. నా చెప్పులు పెట్టెలోనే ఉండిపోయాయి.

ఇక్కడ మా వదిన మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మర్నాడు ఇంటర్వ్యూకు పదింటికి వెళ్ళాల్సింది, ఏడింటికే పిల్లను రిక్షా ఎక్కించింది. కౌంటర్లో ఇప్పటికీ ఎక్స్‌ప్రెస్సే. అక్కడ వెనకాల క్యూ ఉంటుంది మరి.

మధ్యాహ్నం మెట్లెక్కి నా గదికి వచ్చింది. మామూలుగా అయితే మొదటి మెట్టు మీదే ఫలితం చెప్పేస్తుంది. ఆ రోజు వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, నేను కుడుతున్న గుండీ వైపు చూస్తూ ఉండిపోయింది. సీటొచ్చిందా అని అడిగాను. వచ్చే వారం చెబుతారట. మరి ఏమడిగారు, అది చెప్పగలిగిందా, నువ్వు మధ్యలో దూరావా అని వరసపెట్టి అడిగాను.

"ఉండమ్మా, చెప్పనీ" అంది.

బల్లకు అటు ముగ్గురు కూర్చున్నారట. మొదటి ప్రశ్నలు తేలిగ్గానే గడిచాయి. ఆలస్యంగానైనా చిట్టే చెప్పుకొచ్చింది. ఆ తర్వాత మధ్యలో కూర్చున్న పెద్దావిడ అడిగింది: ఒక్క అడుగు వెయ్యడానికి నెలలు తీసుకునేవాళ్ళు వస్తారు, విసుక్కోకూడదు, నీకంత ఓపిక ఉందని మాకెలా తెలుస్తుంది? చిట్టి నోరు తెరిచింది. మాట పట్టేసింది. వదిన దగ్గర జవాబు తయారుగా ఉంది. మా అమ్మ, అంటే చిట్టి నాయనమ్మ, కాలు విరిగి మంచానపడ్డప్పుడు చిట్టే రోజూ చెయ్యి పట్టుకుని వసారాలో నడిపించింది. ఎంత మంచి జవాబు, వింటే ఎవరైనా సీటిచ్చేస్తారు. అది ఆవిడ పళ్ళ దాకా వచ్చేసింది. ఒకాయన జాలిపడి ఈవిడ వైపు తిరిగి, పోనీ మీరు చెబుతారా అమ్మా అని కూడా అడిగాడట.

"చెప్పేశావా?" అన్నాను. నా చేతిలో సూది ఎప్పుడు ఆగిందో తెలియదు.

వదిన తల అడ్డంగా ఊపింది. బ్యాగు పట్టీ రెండు చేతులా పట్టుకుని, చెప్పులో బొటనవేలితో ఆ పాట కొట్టుకుంటూ కూర్చుందట. ఎంతసేపో తెలియదు, పాటలో ఖాళీ కంటే చాలా ఎక్కువే. గోడ మీద ఫ్యాన్ అటు తిరిగి ఇటు వచ్చింది, మళ్ళీ అటు తిరిగింది. అప్పుడు చిట్టి చెప్పింది.

"మా... మా అమ్మకి ఒక ఆట నేర్పానండీ. ఇద్దరం ఇంకా బతికే ఉన్నాం."

ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారట. పెద్దావిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుందట. చిట్టి వాళ్ళ నవ్వు చూస్తూ నిటారుగా కూర్చుందట, ఆ నవ్వంతా తనదే అయినట్టు.

"అది ఏమనబోతోందో నాకు తెలీలేదు" అంది వదిన. "అమ్మమీదొట్టు, నాకసలు తట్టలేదు. దాని మనసులో ఏముందో నాకెప్పుడూ తెలుసనుకున్నాను. ఎన్ని మాటలు పోగొట్టుకున్నానో."

"నువ్వూ నవ్వావా?" అన్నాను.

"నవ్వాను. అందరికంటే ఆఖర్న."

కళ్ళు తుడుచుకుంటూ లేస్తుంటే కింద నుంచి, అమ్మా అని పిలుపు వినిపించింది. ఫోన్ మోగలేదు. గొంతే. వదిన పరుగున వెళ్ళి మెట్ల దగ్గర నిలబడింది. కింద గుమ్మంలో చిట్టి తలెత్తి చూస్తోంది. ఏదో చెప్పబోయింది, గొంతు పట్టేసింది, కనురెప్పలు కొట్టుకున్నాయి. పొద్దున ఏడింటికి వెళ్ళిన పిల్ల, ఆకలేస్తోందేమో వదినా అనబోయాను. వదిన వెనక్కి చూడకుండానే నా వైపు అరచెయ్యి అడ్డం పెట్టింది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"న... నాన్న వచ్చాడు. అత్తని కూడా తీసుకురా. ఆ వాచ్‌మన్ సంగతి చెప్తాను" అంది చిట్టి.

కిందికి వెళ్ళాం. అన్నయ్య, నేను సోఫాలో, వదిన ఎదురుగా కుర్చీలో. చిట్టి మధ్యలో నిలబడి, ప్రిన్సిపాల్ గారి కునుకు దగ్గర నుంచి మొదలుపెట్టింది. వాచ్‌మన్ చివరికి ఏమన్నాడో మా ముగ్గురికీ తెలుసు. ఆఖరి మాట దగ్గర అది ఆగింది. వదిన కాలు ఊపుకుంటూ, నోరు గట్టిగా మూసుకుని, ఆ మాట కోసం కూర్చుంది.